డీజిల్ వ్యాను స్టార్ట్ కాకపోతే: సెల్ఫ్ నుంచి నాజిల్ దాకా ఎక్కడెక్కడ వెతకాలి

బండి పట్టకపోతే చాలామంది చేసే మొదటి పని తాళం తిప్పి పట్టుకుని సెల్ఫ్ కొడుతూనే ఉండటం. కాసేపటికి అసలు లోపం అలాగే ఉంటుంది, బ్యాటరీ కూడా దిగిపోతుంది. సెల్ఫ్ మోటారు వైండింగ్ కాలిందంటే ఆ ఖర్చు అదనం. ఒక దెబ్బకు 10 సెకన్లకు మించి కొట్టకండి, మధ్యలో కనీసం ఒక నిమిషం ఆగండి. మూడు సార్లకు పట్టలేదంటే ఇక దిగి బానెట్ ఎత్తాల్సిందే.

డీజిల్ ఇంజిన్‌లో నిప్పురవ్వ వేసే ప్లగ్గు ఉండదు. పిస్టన్ గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే డీజిల్ అంటుకోవాలి. అందుకని ఇంజిన్ తగినంత జోరుగా తిరగాలి, సిలిండర్లోకి డీజిల్ చిమ్మే నాజిల్స్ దాకా గాలి కలవని డీజిల్ రావాలి, కొత్త బండ్లయితే ఈసీఎం (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్) కూడా ఒప్పుకోవాలి. సెల్ఫ్ కొట్టినప్పుడు చెవిపెట్టి వింటే సగం సంగతి తెలిసిపోతుంది. అసలు తిరగట్లేదా, నీరసంగా మూలుగుతోందా, జోరుగా తిరుగుతున్నా పట్టట్లేదా? మూడింటికీ వెతికే చోట్లు వేరు. జోరుగా తిరిగే బండికి బ్యాటరీ మార్చినా, సెల్ఫే అందుకోని బండికి డీజిల్ ఫిల్టర్ మార్చినా డబ్బులు దండగ.

చెయ్యి పెట్టే ముందు గేరు న్యూట్రల్, హ్యాండ్ బ్రేకు, చక్రం కింద రాయి. ఈ మూడూ లేకుండా బండి కిందకు దూరొద్దు.

సెల్ఫ్ తిరగకపోయినా, నీరసంగా తిరిగినా

హెడ్‌లైట్లు వేసి సెల్ఫ్ కొట్టండి. లైట్లు పూర్తిగా కునికిపోతే బ్యాటరీ గానీ, టెర్మినల్స్ గానీ, ఎర్త్ (బ్యాటరీ మైనస్‌ను ఇంజిన్‌కు, ఛాసిస్‌కు కలిపే దారి) గానీ. లైట్లు వెలుగుతూనే ఉండి ఒక్కసారి 'టక్' మని ఊరుకుంటే సెల్ఫ్ సోలనాయిడ్ (మోటారుకు కరెంటు కలిపే స్విచ్) లేదా మోటారు. అదీ లేకుండా నిశ్శబ్దంగా ఉంటే తాళం స్విచ్, స్టార్టర్ రిలే, ఫ్యూజు వైపు చూడాలి. 'టకటకటక' మని వరసగా కొట్టుకుంటుంటే బ్యాటరీలో బలం లేనట్టే.

మల్టీమీటర్‌ను 20 వోల్టుల డీసీ మీద పెట్టి బ్యాటరీ చూడండి. రాత్రంతా ఆగి ఉన్న బండికి 12.6 వోల్టులుంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగం, 12 కంటే దిగితే ముందు ఛార్జింగ్. అసలు పరీక్ష సెల్ఫ్ కొడుతున్నప్పుడు. అప్పుడు 9.6 వోల్టుల కంటే కిందకు పడకూడదు. ఊరికే ఉన్నప్పుడు 12.5 చూపించి, సెల్ఫ్ కొట్టగానే 7కు జారితే లోపల ఏదో సెల్లు పోయింది. మూతలున్న బ్యాటరీ అయితే ప్లేట్ల పైన ఓ సెంటీమీటరు మేర నీళ్లుండాలి. మన ఎండలకు అవి త్వరగా ఆవిరవుతాయి. పోసేది డిస్టిల్డ్ వాటరే, బోరు నీళ్లు కాదు.

బ్యాటరీ బాగానే ఉందని తేలితే, తీరం పక్క బండ్లకు తొంభై పాళ్లు ఎర్త్‌నే అనుమానించాలి. అల్లూరు, విడవలూరు, కొత్తపట్నం వైపు రొయ్యలు, చేపలు తోలే వ్యాన్లలో ఐసు కరిగిన ఉప్పు నీళ్లు బాడీ సందుల్లోంచి ఛాసిస్ మీదకు కారుతుంటాయి. ఇంజిన్ నుంచి ఛాసిస్‌కు ఉండే అల్లిక ఎర్త్ పట్టీ పైకి బాగానే కనిపిస్తుంది. బోల్టు ఊడదీసి చూస్తే ఐలెట్ కింద ఆకుపచ్చ పొడి, దాని కింద తుప్పు. హారన్, లైట్లు పని చేస్తాయి, ఎందుకంటే వాటికి కొద్దిపాటి కరెంటు చాలు. సెల్ఫ్‌కు వందల ఆంపియర్లు కావాలి, అంత కరెంటు ఆ తుప్పులోంచి దాటదు.

దీన్ని పట్టుకోవడం తేలిక. మీటరు ఒక ముల్లు బ్యాటరీ మైనస్ గూటం మీద (క్లాంపు మీద కాదు), రెండోది ఇంజిన్ బ్లాకు మీద రంగు లేని ఇనుము మీద ఆనించి, ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమనండి. 0.3 వోల్టు లోపు ఉంటే మంచిదే, 0.5 దాటితే ఎర్త్ పాడు. ప్లస్ వైపు ఇలాగే బ్యాటరీ గూటానికీ, సెల్ఫ్ మోటారు పెద్ద బోల్టుకూ మధ్య చూడండి, అక్కడా 0.5 దాటకూడదు. మీటరు లేకపోతే జంపర్ కేబుల్ ఒకటి తీసుకుని బ్యాటరీ మైనస్ నుంచి నేరుగా ఇంజిన్ బ్లాకుకు తగిలించండి. దాంతో సెల్ఫ్ జోరందుకుంటే దొంగ దొరికినట్టే. ఇంకో గుర్తు కూడా ఉంది: నాలుగు సార్లు సెల్ఫ్ కొట్టాక క్లాంపులు పట్టుకుని చూస్తే, ఏది కాలుతోందో తప్పు అక్కడే.

శుభ్రం చేసేటప్పుడు 10 నంబరు స్పానర్‌తో ముందు మైనస్ ఊడదీయాలి, తర్వాత ప్లస్. బిగించేటప్పుడు తిరగేసి, ముందు ప్లస్. టెర్మినల్స్ మీద పేరుకున్న తెల్ల పొడి మీద తినే సోడా కలిపిన వేణ్ణీళ్లు పోస్తే పొంగి వదులుతుంది, కానీ ఆ నీళ్లు సెల్లు మూతల్లోకి పోనివ్వకండి. సీసం మెరిసేదాకా ఎమరీ పేపరుతో రుద్ది, బిగించిన తర్వాత పైన వాజలైన్ పూయండి. ముందే పూస్తే అది కరెంటుకు అడ్డం. ఎర్త్ పట్టీ తుప్పు పట్టి ఉంటే రుద్దడం కంటే కొత్తది వేయడమే చవక.

కేబుళ్లన్నీ బాగుండి 'టక్' దగ్గరే ఆగుతుంటే, సోలనాయిడ్ మీదకొచ్చే సన్నటి తీగకు టెస్ట్ ల్యాంపు పెట్టి సెల్ఫ్ కొట్టించండి. దీపం బాగా వెలిగితే తప్పు మోటారులోనే: సోలనాయిడ్ లోపలి రాగి బిళ్లలు కాలి ఉంటాయి, లేదా మోటారు లోపల కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు అరిగి ఉంటాయి. స్పానర్‌తో మోటారు మీద మెల్లగా తట్టితే అరిగిన కార్బన్ తగులుకుని ఒకటి రెండు సార్లు పట్టొచ్చు. అది మెకానిక్ షెడ్డు దాకా పోవడానికే. స్క్రూడ్రైవర్‌తో సోలనాయిడ్ బోల్టులు షార్ట్ చేసి స్టార్ట్ చేసేవాళ్లను హైవే పక్కన చూస్తుంటాం. గేర్లో ఉన్న బండి అలా చేసినవాడి మీదకే ఎక్కుతుంది.

పక్క బండి నుంచి కరెంటు తీసుకోవాలంటే ప్లస్‌కు ప్లస్, ఆ తర్వాత మంచి బండి మైనస్ నుంచి మీ బండి ఇంజిన్ బ్లాకుకు. అయిదు నిమిషాలు ఆ బండిని నడవనిచ్చి అప్పుడు సెల్ఫ్ కొట్టండి. బైకు షాపుల్లో అమ్మే సన్నటి తీగలు డీజిల్ ఇంజిన్‌కు సరిపోవు, 25 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్ అన్నా ఉండాలి.

సెల్ఫ్ జోరుగా తిరుగుతున్నా పట్టట్లేదు

ఒకరు సెల్ఫ్ కొడుతుంటే ఇంకొకరు సైలెన్సర్ చివర చూడండి. పచ్చి డీజిల్ వాసనతో తెల్ల పొగ వస్తుంటే డీజిల్ అందుతోంది గానీ అంటుకోవట్లేదు. పొగ జాడే లేకపోతే డీజిల్ నాజిల్స్ దాకా రావట్లేదు. రెండోదే ఎక్కువ.

ముందు చిన్నవి: డీజిల్ మీటరు ముల్లును నమ్మకుండా ట్యాంకులో డీజిల్ ఉందో లేదో చూడండి. స్టాప్ నాబ్ లాగి ఆపే పాత బండి అయితే ఆ కేబుల్ పూర్తిగా వెనక్కి పోయిందా చూడండి, తుప్పుకు మధ్యలో ఇరుక్కుంటే నాజిల్స్‌కు డీజిల్ తోసే పంపు మూతబడే ఉంటుంది. తాళంతోనే ఆగే బండ్లలో పంపు మీద డీజిల్ దారి తెరిచే స్టాప్ సోలనాయిడ్ ఉంటుంది. తాళం ఆన్ చేయగానే అది 'టిక్' మనాలి. అనకపోతే దాని తీగకు 12 వోల్టులు వస్తున్నాయా చూడండి. వస్తున్నా చప్పుడు లేదంటే సోలనాయిడ్ పోయింది, రాకపోతే ఫ్యూజు.

తర్వాత ఫిల్టర్ అడుగున ఉన్న డ్రెయిన్ స్క్రూ విప్పి, ఓ గాజు సీసాలో 100 మిల్లీలీటర్లు పట్టి అయిదు నిమిషాలు కదపకుండా ఉంచండి. నీళ్లుంటే అడుగున తేటగా పేరుకుని గీత కనిపిస్తుంది. రొయ్యల గుంటల కాడ జనరేటర్ కోసం డ్రమ్ముల్లో నిలవ చేసిన డీజిల్‌ను వ్యానులో పోసుకోవడం మన దగ్గర మామూలే. సగం ఖాళీగా ఉన్న డ్రమ్ములో రాత్రి తేమ చెమర్చి అడుగుకు దిగుతుంది. కార్తీక మాసపు వానల్లో మూత సందులోంచి కూడా పోతుంది. డ్రమ్ములోంచి తీసేటప్పుడు పైపు అడుగు దాకా దించకుండా ఒక జానెడు పైనే ఆపండి, గరాటుకు సన్నటి జాలీ పెట్టండి. సీసాలో నీళ్లు కనిపిస్తే శుభ్రమైన డీజిల్ వచ్చేదాకా వదిలేయండి. మళ్లీ మళ్లీ వస్తుంటే ట్యాంకు దించి కడగాల్సిందే. నల్లటి జిగురు కనిపిస్తే ఫిల్టర్ కూడా మార్చాలి.

నీళ్లు లేకపోతే గాలి. ట్యాంకు నుంచి పంపు దాకా ఉన్న పైపులో డీజిల్‌ను పంపు లాక్కుంటుంది, కాబట్టి అక్కడ పగులుంటే డీజిల్ బయటకు కారదు, గాలి లోపలికి పోతుంది. పక్కన చిల్లున్న స్ట్రాతో కొబ్బరి నీళ్లు తాగినట్టు ఉంటుంది వ్యవహారం. అందుకే బయటంతా పొడిగా ఉన్నా లోపం ఉంటుంది. పొద్దున పట్టడానికి సతాయించి, ఒకసారి పట్టాక రోజంతా బాగానే నడిచే బండికి ఇదే జబ్బు. ఫిల్టర్ తర్వాత అడుగు పొడవు, లోపల కనిపించే ప్లాస్టిక్ పైపు వేసి సెల్ఫ్ కొట్టిస్తే బుడగలు కళ్లకు కనిపిస్తాయి. పైపు చివరల్లో పగుళ్లు, వదులైన క్లిప్పులు, ఫిల్టర్ మార్చినప్పుడు పాత రబ్బరు రింగు తీయకుండా పైన కొత్తది వేయడం, మిగిలిన డీజిల్‌ను ట్యాంకుకు తిప్పి పంపే రిటర్న్ పైపు చీలడం: ఎక్కువగా దొరికేవి ఇవే. ఏ ముక్కలో ఉందో తేలకపోతే, పంపుకొచ్చే పైపును విడిగా ఒక డీజిల్ క్యానులో ముంచండి. అప్పుడు పడితే తప్పు వెనకాల, ట్యాంకు వైపు.

గాలి తీయడం ఇలా: ఫిల్టర్ తల మీద బ్లీడింగ్ స్క్రూ రెండు చుట్లు వదులు చేసి, చేతి పంపు నొక్కుతూ ఉండండి. నురగ పోయి నిండు ధార వస్తుండగానే బిగించాలి, ధార ఆగాక బిగిస్తే మళ్లీ గాలి పీల్చుతుంది. మెకానికల్ పంపున్న పాత ఇంజిన్లలో ఇంకా పట్టకపోతే, నాజిల్స్ దగ్గర రెండు పైపుల నట్లు (ఎక్కువగా 17 నంబరు) ఒక చుట్టు వదిలి, డీజిల్ చిమ్మేదాకా సెల్ఫ్ కొట్టించి బిగించండి. బిగిస్తుండగానే పట్టేస్తుంటాయి చాలా బండ్లు.

కామన్ రైల్ బండికి ఆ పని చేయొద్దు

పైన చెప్పిన నట్లు విప్పే పద్ధతి, అన్ని నాజిల్స్‌కూ ఒకే హై ప్రెషర్ గొట్టం నుంచి డీజిల్ అందే కామన్ రైల్ ఇంజిన్‌కు ససేమిరా పనికిరాదు. ఆ పైపుల్లో ఇంజిన్ నడిచేటప్పుడు ఒత్తిడి 1,000 బార్లు దాటి కూడా పోతుంది. సన్నటి ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది, పైకి గుండుసూది గాయంలా కనిపించినా వెంటనే ఆసుపత్రికి పోవాల్సిన దెబ్బ అది. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్ 6 డీజిల్ వ్యాన్లు, అంతకు ముందువాటిలోనూ చాలా, ఈ రకమే. వీటిలో గాలి తీయడమంటే చేతి పంపు గట్టిపడేదాకా నొక్కడం, లేదా ట్యాంకులో ఎలక్ట్రిక్ పంపుంటే తాళం అయిదారు సార్లు ఆన్ ఆఫ్ చేయడం. కొత్త ఫిల్టర్‌లో డీజిల్ నింపేటప్పుడు మధ్య రంధ్రంలోంచి పోయకండి. వడకట్టని డీజిల్ నేరుగా హై ప్రెషర్ పంపులోకి పోయి దాన్ని గీరేస్తుంది.

వీటిలో మీటరు బోర్డు చాలా చెబుతుంది. తాళం ఆన్ చేస్తే చెక్ ఇంజిన్ దీపం వెలగాలి. అసలు వెలగకపోతే ఈసీఎంకు కరెంటే లేదు, మెయిన్ రిలే, ఫ్యూజులు చూడండి. తాళం బొమ్మ దీపం కొట్టుకుంటుంటే ఇమ్మొబిలైజర్ (దొంగతాళానికి బండి పట్టనివ్వని ఏర్పాటు) పట్టుకుంది, రెండో తాళంతో ప్రయత్నించండి. సెల్ఫ్ కొట్టేటప్పుడు ఆర్‌పీఎం ముల్లు కాస్తయినా కదలకపోతే, ఇంజిన్ తిరుగుడును ఈసీఎంకు చెప్పే క్రాంక్ సెన్సర్ మీద అనుమానం. వేడి మీద ఆపితే పట్టక, చల్లారాక పట్టే బండికి కూడా అదే ముద్దాయి. ఈసీఎంలోని తప్పుల కోడ్లు చదివే స్కానర్ ఉంటే పి 0335 క్రాంక్ సెన్సర్ది, పి 0340 క్యామ్ సెన్సర్ది, పి 0087 రైల్ ప్రెషర్ చాలట్లేదని. సెల్ఫ్ మీద రైల్ ప్రెషర్ 200 బార్లకు చేరకపోతే చాలా ఇంజిన్లలో నాజిల్స్ తెరుచుకోవు. అప్పుడు ఫిల్టర్, ఆ తర్వాత నాజిల్స్ రిటర్న్ లీకు. నాలుగు రిటర్న్ పైపులకు నాలుగు చిన్న సీసాలు కట్టి సెల్ఫ్ కొడితే, మిగతావాటికంటే ఎక్కువ నిండిన సీసా నాజిలే దోషి.

పొగ వస్తోంది, పట్టట్లేదు

పాత ఇండైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజిన్లలో, స్టార్టింగ్‌కు ముందు లోపల వేడి పుట్టించే హీటర్ ప్లగ్గులు చూడండి. తీగ తీసి ప్లగ్గు తలకూ బ్లాకుకూ మధ్య ఓమ్స్ కొలిస్తే ఒకటికి అటూ ఇటూ రావాలి, ఏమీ చూపకపోతే అది కాలిపోయింది. చీమకుర్తి క్వారీ దుమ్ములో తిరిగే బండి అయితే ఎయిర్ ఫిల్టర్ తీసి ఒకసారి సెల్ఫ్ కొట్టి చూడటం నిమిషం పని. వేడి మీద మాత్రమే మొరాయించే రోటరీ పంపు బండికి, తడి గుడ్డ పంపు మీద పది నిమిషాలు కప్పాక పడితే పంపు లోపల అరిగినట్టు లెక్క. కొందరు బిందెడు నీళ్లు కుమ్మరిస్తారు, వేడి పంపు పట్టేసే ప్రమాదముంది. ఇవేవీ కాకపోతే కంప్రెషన్ కొలిపించాలి, అది షెడ్డులో పని.

ఎయిర్ ఫిల్టర్ దగ్గర పెట్రోలు గుడ్డ పెట్టడం, ఈథర్ స్ప్రే కొట్టడం మానండి. హీటర్ ప్లగ్గు ఎర్రగా ఉన్నప్పుడు అది ముందే పేలి పిస్టన్ పగలగొడుతుంది.

రెండు సందర్భాల్లో సెల్ఫ్ ముట్టుకోనే కూడదు. ఒకటి, వాన నీళ్లలో దిగి ఆగిపోయిన బండి. ఎయిర్ ఫిల్టర్ విప్పండి, లోపల తడిగా ఉంటే సిలిండర్లోకి నీళ్లు పోయి ఉండొచ్చు. నీళ్లు గాలిలా నలగవు, కనెక్టింగ్ రాడ్డే వంగుతుంది. హీటర్ ప్లగ్గులు లేదా నాజిల్స్ తీసి, ఇంజిన్ చేత్తో తిప్పి నీళ్లు కక్కించాకే సెల్ఫ్. రెండోది, నడుస్తూ నడుస్తూ ఆగిపోయి, తర్వాత సెల్ఫ్ మామూలు కంటే తేలిగ్గా, ఏ ఊపూ లేకుండా 'జుయ్' మని తిరిగే బండి. వాల్వులను పిస్టన్లతో జతగా నడిపే టైమింగ్ బెల్టు తెగి ఉంటుంది. తోసి కూడా స్టార్ట్ చేయొద్దు, వాల్వులు పిస్టన్‌కు తగులుతాయి. దాన్ని గేరు న్యూట్రల్‌లో పెట్టి షెడ్డుకు లాక్కెళ్లడమే.