ప్రమోషన్లలో వివక్షకు బాస్ జవాబు చెప్పేలా చేయడం ఎలా

చాలా కంపెనీల్లో స్త్రీ పురుష సమానత్వం పనిని హెచ్‌ఆర్‌కు అప్పగించి చేతులు దులుపుకుంటారు. కానీ ఎవరికి ప్రమోషన్ ఇవ్వాలో, ఎవరి జీతం ఎంత పెంచాలో, పెద్ద ప్రాజెక్టు ఎవరికి దక్కాలో తేల్చేది విభాగాధిపతులు. నిర్ణయం వాళ్లది, సంజాయిషీ మాది. ఇలా ఉన్నన్నాళ్లూ ఏడాది చివర మిగిలేది ఒక వర్క్‌షాప్, ఒక గ్రూప్ ఫొటో. నేను హెచ్‌ఆర్‌లో పనిచేస్తాను. ఉద్యోగుల ఏడాది పనికి రేటింగులు ఖరారు చేసే మీటింగుల్లో ఏళ్ల తరబడి కూర్చున్నదాన్ని కాబట్టి ఈ మాట గట్టిగా చెప్పగలను: నిర్ణయం తీసుకున్న మనిషే దానికి జవాబు చెప్పే ఏర్పాటు లేకపోతే ఏదీ కదలదు.

ఇది నా ఒక్కదాని అభిప్రాయం కాదు. అలెగ్జాండ్రా కాలెవ్, ఫ్రాంక్ డాబిన్, ఎరిన్ కెల్లీ అనే సామాజిక శాస్త్రవేత్తలు అమెరికాలోని 708 సంస్థల మూడు దశాబ్దాల వివరాలు పరిశీలించి 2006లో ఒక అధ్యయనం ప్రచురించారు. మేనేజర్లలో ఆడవాళ్ల సంఖ్య పెంచడంలో, వివక్ష వద్దని చెప్పే శిక్షణ తరగతుల ప్రభావం నామమాత్రమేనని, ఫలానా వారిది ఈ బాధ్యత అని స్పష్టంగా అప్పగించిన చోట ఫలితం బాగా కనిపించిందని తేలింది. అలాంటి బాధ్యత ఉన్న చోట శిక్షణ కూడా కాస్త పనిచేసింది.

మొదట లెక్క తీయండి. ‘మా ఉద్యోగుల్లో ఇంత శాతం మహిళలు’ అనే మొత్తం సంఖ్యతో ఏమీ తెలియదు, ఎక్కువ మంది కింది స్థాయిలోనే ఉండిపోయినా అది అందంగానే కనిపిస్తుంది. స్థాయిలవారీగా విడదీయండి. ఒక్కో స్థాయిలో ఎంతమంది, గత రెండు మూడేళ్లలో ఎవరికి ప్రమోషన్ వచ్చింది, పాత ప్రమోషన్‌కూ కొత్త ప్రమోషన్‌కూ మధ్య ఎన్నాళ్లు పట్టింది, ఎవరు మానేశారు అనేవి ఒకే షీటులో పెట్టండి. మామూలు ఉద్యోగి నుంచి మొదటిసారి మేనేజర్ అయ్యే మెట్టును ప్రత్యేకంగా చూడండి. కన్సల్టింగ్ సంస్థ మెకిన్సే, ఉద్యోగాల్లో మహిళల ఎదుగుదల కోసం పనిచేసే లీన్ఇన్ సంస్థ కలిసి 2019లో ఇచ్చిన నివేదిక ప్రకారం ఆ మెట్టు దగ్గర 100 మంది మగవాళ్లు పైకి వెళితే ఆడవాళ్లు 72 మందే వెళ్లారు. అక్కడ తగ్గిన సంఖ్య పై స్థాయిలకు వెళ్లేకొద్దీ ఇంకా తగ్గుతుందే తప్ప పెరగదు.

జీతాలకు బ్రిటన్ పద్ధతి తీసుకోవచ్చు. అక్కడ 250 మంది లేదా అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలు ఆడ, మగ ఉద్యోగుల సగటు వేతనాల తేడా, మధ్యస్థ (జీతాల వరుసలో సరిగ్గా నడిమి) వేతనాల తేడాతో పాటు, జీతం ప్రకారం ఉద్యోగులను నాలుగు సమాన భాగాలు చేసి ప్రతి భాగంలో ఆడ, మగ ఎంతమందో ప్రకటించాలని 2017 నిబంధనలు చెబుతున్నాయి. మీ కంపెనీని అలా నాలుగు భాగాలు చేసి చూడండి. ఒకే పనికి తక్కువ జీతం ఇస్తున్నారా అన్నది మాత్రం వేరే ప్రశ్న, దాన్ని హోదా హోదాకూ విడిగా పోల్చి చూడాలి.

లెక్క చేతికొచ్చాక ప్రతి సంఖ్య పక్కనా ఒక్క పేరు రాయండి. కమిటీ పేరు వద్దు. కమిటీ అంటే తిలా పాపం తలా పిడికెడు. ఆ విభాగంలో సంతకం పెట్టే మనిషి పేరే ఉండాలి. ఆ సంఖ్యలు అమ్మకాలు, ఖర్చులు చూసే సమీక్షలోనే, అదే పెద్దల ముందు చర్చకు రావాలి. ఆరుగురున్న టీములో శాతాలు లెక్కపెట్టడం అర్థం లేని పని, అక్కడ నిర్ణయాలకు కారణాలు అడిగితే చాలు.

ఇక అసలు కథంతా నడిచేది రేటింగుల మీటింగులోనే. పేర్లు చదవడానికి ముందే ప్రమోషన్‌కు కొలమానాలేమిటో రాసిపెట్టండి. ప్రతి రేటింగుకూ ఆ ఏడాది చేసిన పని నుంచి రెండు ఉదాహరణలు చెప్పాలని నియమం పెట్టండి. ఎందుకంటే మగవాళ్ల గురించి ‘క్లయింట్‌ను ఒప్పించాడు, మూడు నెలల పని రెండు నెలల్లో ముగించాడు’ అని చెప్పే నోటితోనే, ఆడవాళ్ల గురించి ‘మంచి అమ్మాయి, అందరితో కలిసిపోతుంది’ అంటారు. మెచ్చుకోలులా వినిపించే ఆ మాట ప్రమోషన్ దగ్గర ఎందుకూ పనికిరాదు.

ఒకసారి ఒక మేనేజర్ తన టీములోని ఇంజినీరు గురించి ‘కాన్ఫిడెన్స్ ఇంకాస్త పెరగాలి’ అన్నారు. ఏ సందర్భంలో అలా అనిపించిందని అడిగాను. ఆయనకు ఒక్కటీ గుర్తు రాలేదు. సర్వర్లు పడిపోయిన రాత్రి కాల్ ఎవరు నడిపారని పక్క టీము లీడ్‌ను అడిగితే, ఆమే అన్నారు. తెల్లారేదాకా నాలుగు టీములకు పని పంచి, గంటగంటకూ క్లయింట్‌కు స్టేటస్ చెప్పింది ఆమె. ఈ విషయం ఆమె రేటింగు కాగితంలో ఒక్క లైను కూడా లేదు. ఆ రోజు రేటింగు మారింది. అడిగేవాళ్లు లేని మీటింగుల్లో ఇలాంటివి ఎన్ని మరుగున పడిపోతాయో తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. అందుకే ‘ఎప్పుడు? ఏం జరిగింది?’ అని అడగడమే పనిగా ఒకరిని కూర్చోబెట్టండి. వచ్చిన జవాబును మీటింగు మినిట్స్‌లో రాయించండి. ‘చిన్న పిల్లలున్నారు, ప్రయాణాలు చేయడం కుదరదేమో’ అని ఎవరైనా అంటే, ఆమెను అడిగారా అని అక్కడికక్కడే అడగాలి. ప్రసూతి సెలవులో ఉన్నవాళ్లకు పనిచేసిన నెలలను బట్టే రేటింగు ఇవ్వాలి. సెలవు పేరుతో ‘యావరేజ్’లో పడేయడం అన్యాయం.

మినిట్స్ అన్నాను కదా, అవి ఎవరు రాస్తున్నారో కూడా చూడండి. కొత్తవాళ్లకు పని నేర్పడం, ఈవెంట్లు చూసుకోవడం లాంటివి టీముకు అవసరమే, ప్రమోషన్‌కు మాత్రం లెక్కకు రావు. అమెరికా ఆర్థికవేత్త లిండా బాబ్‌కాక్ బృందం 2017లో ప్రచురించిన ప్రయోగాల్లో ఇలాంటి పనులకు ఆడవాళ్లే ఎక్కువగా ముందుకొచ్చారు, మేనేజర్లూ వాళ్లనే ఎక్కువగా అడిగారు. ‘ఎవరు చేస్తారు?’ అని అడగడం మానేసి, వంతులు వేయండి.

ఫలితం లీడర్ జేబుకు, అంటే ఆ విభాగాధిపతి జేబుకు, తగలాలి. బోనస్‌లో కొంత భాగాన్ని దీనికి ముడిపెట్టండి. కానీ ఒక్క నియామకాల సంఖ్యకే ముడిపెడితే కింది స్థాయిలో నలుగురిని తీసుకుని లెక్క సరిచేస్తారు. ప్రమోషన్లు, రాజీనామాలు, రేటింగుల్లో తేడా మూడూ చూడాలి. జీతాల తనిఖీ కూడా ఒక్కసారితో అయ్యేది కాదు. అమెరికా సాఫ్ట్‌వేర్ కంపెనీ సేల్స్‌ఫోర్స్ 2015లో తేడాలు సరిచేయడానికి దాదాపు 30 లక్షల డాలర్లు ఖర్చు పెట్టింది, తర్వాత మళ్లీ చూస్తే మళ్లీ అంతే పెట్టాల్సి వచ్చింది. ఈలోగా కొన్న కంపెనీల జీతాలు కూడా వచ్చి కలవడం అందుకు ఒక కారణం. ఇంటర్వ్యూలో పాత జీతం అడగడం కూడా ఆపేయండి, పాత చోట జరిగిన అన్యాయం దాంతోపాటే వస్తుంది. యూరోపియన్ యూనియన్ 2023లో తెచ్చిన వేతన పారదర్శకత ఆదేశం కూడా ఆ ప్రశ్న అడగకూడదనే అంటోంది.

వేధింపుల ఫిర్యాదు లీడర్ మీదే వస్తే విచారణ నివేదికపై నిర్ణయం ఆయన చేతిలో ఉండకూడదు. ఇందులో మినహాయింపు లేదు.

ఈ అధికారాలేవీ లేని మామూలు ఉద్యోగి కూడా చేయగలిగింది ఉంది. ప్రమోషన్ రాలేదని బాస్ చెప్పినప్పుడు, ఏ కొలమానంలో తగ్గింది, వచ్చేసారికి ఏ పని చూపించాలి అని అడగండి. నోటి మాటతో ఊరుకోకుండా అదే రోజు ‘మీరు చెప్పినవి ఇవీ’ అని ఆయనకు మెయిల్ పెట్టండి. ఆరు నెలల తర్వాత ఆ మెయిల్ తెరిచి ఆయన ముందు పెట్టండి.