ఫైబర్ జాయింట్ నేర్చుకుందాం – 6వ పాఠం: ఒక మైక్రాన్ జరిగితే ఎంత వెలుగు పోతుంది?

పోయిన పాఠంలో క్లీవర్‌తో ఫైబర్‌ను అర డిగ్రీ లోపు కోణంలో కోయడం సాధన చేశారు. ఆ రెండు కొసల్నీ ఇప్పుడు ఎదురెదురుగా పెట్టాలి.

సింగిల్ మోడ్ ఫైబర్ మందం 125 మైక్రాన్లు. వెలుగు నడిచేది మాత్రం నడిమధ్యన కోర్ అనే సన్నటి దారిలో. ఆ వెలుగు మచ్చ వ్యాసం 1310 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర సుమారు 9.2 మైక్రాన్లు, 1550 దగ్గర 10.4. కోర్లు పక్కకు ఎంత జరిగాయో ఆ దూరాన్ని మచ్చ వ్యాసార్ధంతో భాగించి, వర్గం చేసి, 4.34తో గుణిస్తే నష్టం డీబీల్లో (డెసిబెల్, వెలుగు ఎంత తగ్గిందో చెప్పే కొలత) వస్తుంది. 1310 దగ్గర ఒక మైక్రాన్ జరిగితే 0.2 డీబీ. రెండు మైక్రాన్లు జరిగితే 0.4 కాదు, 0.8! కేబుల్‌లో నష్టం కిలోమీటరుకు 0.35 డీబీ చొప్పున చూస్తే, రెండు కిలోమీటర్లకు పైగా కేబుల్‌లో పోవాల్సిన వెలుగు ఆ ఒక్క జాయింటులోనే పోయింది. మనకు కావలసింది 0.05 డీబీ, అంటే జరుగుడు అర మైక్రాన్ దాటకూడదు. 0.1 దాటితే తెంపి మళ్లీ వేయండి.

రెండు ఫైబర్లూ ఒకే గీతలో లేకుండా ఒక డిగ్రీ వాలి కలిస్తే మరో 0.3 పోతుంది. కనెక్టర్‌లో మధ్యన గాలి సందు మిగిలినా దాదాపు అంతే.

అర మైక్రాన్ తేడా తెచ్చేది చాలాసార్లు దుమ్మే. చీమకుర్తి గ్రానైట్ క్వారీల దారిలో జాయింట్ బాక్స్ తెరిస్తే రాతిపొడి నేరుగా జాయింటు వేసే మెషీన్ వి-గ్రూవ్‌లో (ఫైబర్‌ను పెట్టే గాడిలో) కూర్చుంటుంది. దానిమీద ఫైబర్ లేచి నిలబడుతుంది. కోర్‌ను చూసి సర్దే మెషీన్ కొంతవరకు సరిచేస్తుంది. గ్రూవ్ కదలని చిన్న మెషీన్‌కు ఆ వీలు లేదు. అందుకే వ్యాన్ తలుపు మూసి, లోపలే పని చేయండి. సన్నటి దూది పుల్లను 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపి గ్రూవ్ పొడవునా తుడవండి, తర్వాత పొడి పుల్లతో ఇంకోసారి. ఎలక్ట్రోడ్లకు తగలనివ్వద్దు. అప్పటికీ మొండికేస్తే, కోసిన ఫైబర్ ముక్క కొసతో గ్రూవ్ అడుగున మెల్లగా నెట్టండి. మందుల షాపు సర్జికల్ స్పిరిట్ వాడొద్దు, అందులో నీళ్లు కలిసి ఉంటాయి. ఒలిచిన ఫైబర్‌ను తుడిచేటప్పుడు కీచుమని సన్నటి చప్పుడు వచ్చిందంటే శుభ్రమైనట్టే. ఆ చప్పుడుకు చెవి అలవాటు చేసుకోండి.

ఉదయగిరి కొండల వైపు పని ముగించుకుని కృష్ణపట్నం తీరానికి వెళ్తే ఆర్క్ (ఎలక్ట్రోడ్ల మధ్య పుట్టి ఫైబర్లను కరిగించి అతికే మెరుపు) క్యాలిబ్రేషన్ మళ్లీ చేయాల్సిందే. గాలి ఒత్తిడి, తేమ మారితే ఆర్క్ వేడి మారుతుంది. అక్టోబరు–డిసెంబరు ముసురులో రోజూ చేయండి.

మెషీన్ తెర మీద కనపడే 0.02 డీబీ అనేది, జాయింటు బొమ్మను చూసి మెషీన్ వేసిన అంచనా, కొలత కాదు. ఓటీడీఆర్‌తో (ఫైబర్‌లోకి వెలుగు పంపి, వెనక్కి వచ్చేదాన్ని బట్టి నష్టం కొలిచే పరికరం) రెండు చివరల నుంచీ చూసి సగటు తీయండి. ఒక వైపు నుంచి నష్టానికి బదులు లాభం కనపడ్డా కంగారు పడకండి. అవతలి ఫైబర్ రకం కాస్త వేరైతే అలా వస్తుంది, సగటులో అసలు లెక్క తేలుతుంది.

ఈ వారం అభ్యాసం: పది జాయింట్లు వేసి, ఒక్కోదాన్నీ 1310లోనూ 1550లోనూ కొలిచి పక్కపక్కన రాయండి. 1310లో కాస్త ఎక్కువ, 1550లో కాస్త తక్కువ వస్తే కోర్లు జరిగాయి. 1550లోనే బాగా ఎక్కువ వస్తే జాయింటును తెంపకండి. ట్రేలో ఫైబర్ బిగుతుగా చుట్టుకుని ఉంటుంది. విప్పి, 30 మిల్లీమీటర్ల వ్యాసార్ధానికి తగ్గకుండా వదులుగా చుట్టి మళ్లీ కొలవండి.