వ్యసనంపై ఆన్‌లైన్ పీజీ: శ్రీకాకుళం, విజయనగరం విద్యార్థులు ముందుగా చూసుకోవలసినవి

మద్యం, పొగాకు, మాదకద్రవ్యాల వ్యసనాన్ని పీజీ స్థాయిలో ఇంటి దగ్గర ఉండి చదవాలనుకునేవారు దరఖాస్తు నింపకముందే ఒక సంగతి తేల్చుకోవాలి. ఈ చదువు చికిత్స చేసే అర్హత కోసమా, లేక ఇప్పటికే చేస్తున్న పనిలో లోతు కోసమా? నర్సుగానో, డీ-అడిక్షన్ కేంద్రంలో కౌన్సెలర్‌గానో పనిచేస్తున్నవారికి ఆన్‌లైన్ చదువు చక్కగా ఉపకరిస్తుంది. క్లినికల్ సైకాలజిస్టుగా నమోదు కావాలంటే మాత్రం భారత పునరావాస మండలి గుర్తించిన కోర్సులో చేరి, రోగుల మధ్య శిక్షణ పొందవలసిందే.

2025 జూలై-ఆగస్టు ప్రవేశాల నుంచి సైకాలజీని దూరవిద్యలోగాని ఆన్‌లైన్‌లోగాని నడపరాదని యూజీసీ ఆదేశించింది కాబట్టి, ఆ డిగ్రీని ఇప్పటికీ ఇంటికే పంపుతామనే ప్రకటనలను నమ్మకపోవడం మంచిది. దూరవిద్యలో ఎమ్మెస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) నడుపుతూ వచ్చిన ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం, ఇగ్నోకు విశాఖపట్నంలో ప్రాంతీయ కేంద్రం ఉంది. ఏ కోర్సైనా ఆ ఏడాదికి అనుమతి ఉన్నదో లేదో యూజీసీ దూరవిద్యా విభాగం పోర్టల్‌లో చూసుకున్నాకే ఫీజు కట్టాలి. విదేశీ డిగ్రీలూ ఉన్నాయి. లండన్ కింగ్స్ కాలేజీ, అడిలైడ్, వర్జీనియా కామన్వెల్త్ విశ్వవిద్యాలయాలు వ్యసన అధ్యయనంలో ఉమ్మడిగా ఆన్‌లైన్ కోర్సు రూపొందించాయి. అటువంటి పట్టాకు ఇక్కడ తత్సమానత, అంటే మన డిగ్రీతో సమానమన్న గుర్తింపు, దొరుకుతుందో లేదో ముందే అడగాలి. లండన్‌లో చలికాలం సాయంత్రం ఆరింటికి మొదలయ్యే తరగతి మనకు రాత్రి పదకొండున్నరకు మొదలవుతుందని కూడా గుర్తుంచుకోవాలి. పొద్దున్నే డ్యూటీ ఉన్నవారికి ఇది చిన్న విషయం కాదు.

చేరేలోగా మూడు విషయాలు చదివి ఉంచుకుంటే తొలి సెమిస్టరు తేలికవుతుంది. వ్యసన నిర్ధారణకు డీఎస్ఎమ్-5 అనే అమెరికా మానసిక వైద్యుల సంఘం గ్రంథం పెట్టిన 11 ప్రమాణాలు మొదటివి. పన్నెండు నెలల వ్యవధిలో రెండు మూడు కనిపిస్తే స్వల్పం, నాలుగైదు ఉంటే మధ్యస్థం, ఆరు లేదా అంతకు మించి ఉంటే తీవ్రం. మద్యపానాన్ని కొలిచేందుకు ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారు చేసిన ఆడిట్ అనే పది ప్రశ్నల పత్రం రెండవది. దేశంలో 10 నుంచి 75 ఏళ్ల వయసువారిలో 14.6 శాతం మంది మద్యం తాగుతున్నారని చెప్పిన 2019 నాటి జాతీయ సర్వే నివేదిక మూడవది. దానిని ఢిల్లీ ఎయిమ్స్‌కు చెందిన మాదకద్రవ్య వ్యసన చికిత్సా కేంద్రం రూపొందించింది.

అసలు శ్రమ డిసర్టేషన్‌లో, అంటే పీజీ కోసం రాసే పరిశోధనా వ్యాసంలో, ఉంది. ఎక్కడివో సమాచార పట్టికలను తిరగరాయడంకంటే సొంత జిల్లాను చదవడమే ఉత్తమమని నా అభిప్రాయం. చుట్టను నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ అలవాటుపై, ముఖ్యంగా అంగిలి మీద ఏర్పడే పుండ్లు, మచ్చలపై, 10,169 మంది గ్రామస్థులను పరీక్షించిన అధ్యయనం 1971లో బ్రిటిష్ క్యాన్సర్ పత్రికలో వెలువడింది. ఆ గ్రామస్థులు శ్రీకాకుళం జిల్లావారే. ఆ అలవాటు ఇప్పుడెంతమందిలో మిగిలింది, మానినవారు ఎలా మానారు, వారి కోడళ్లు, మనవరాళ్లు ఖైనీకో గుట్కాకో మళ్లారా అన్నది ఒక్క మత్స్యకార గ్రామంలో ఓపికగా అడిగి రాసినా పీజీకి చాలినంత పని. అడ్డపొగను అలవాటుగా చూస్తారు తప్ప వ్యసనమని ఎవరూ అనుకోరు గనుక, ప్రశ్నలను ఇంట్లో పెద్దమ్మతో మాట్లాడే భాషలోనే తయారు చేసుకోవాలి.

ఇంటర్వ్యూలకు ముందే విశ్వవిద్యాలయ నైతిక కమిటీ అనుమతి, ప్రతి వ్యక్తి సమ్మతి తీసుకోవాలి. చికిత్సలో ఉన్నవారి వివరాల గోప్యతను 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం హక్కుగా గుర్తించింది. చిన్న ఊళ్లో పేరు తీసేసినంత మాత్రాన సరిపోదు. వీధి, వృత్తి, పిల్లల సంఖ్య కలిపి రాస్తే మనిషి ఎవరో ఊరంతటికీ తెలిసిపోతుంది, అందుచేత వాటిలో కొన్నిటిని మార్చాలి లేదా వదిలేయాలి. మాట్లాడుతూ ఉండగా ఎవరైనా సాయం కోరితే ఇచ్చేందుకు జాతీయ వ్యసన విముక్తి హెల్ప్‌లైన్ 14446, మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 నంబర్లను తెలుగులో రాసిన చీటీలను సంచిలో ఉంచుకోవాలి.