ఇంటికీ కొట్టుకీ వైర్‌లెస్ అలారం: ఏది ఎక్కడ బిగించాలి, ఎందుకు మొరాయిస్తుంది

రెండు పడగ్గదుల ఇల్లు, ముందువైపు షట్టర్ ఉన్న చిన్న కొట్టు. ఈ రెంటికీ కలిపి ఒక ప్యానెల్ (సెన్సర్ల సంకేతం అందుకుని సైరన్ మోగించి, సిమ్‌తోనో వైఫైతోనో మీ ఫోన్‌కు కబురు పంపే పెట్టె), తలుపులకు మూడు నాలుగు మాగ్నెట్ సెన్సర్లు, రెండు మోషన్ సెన్సర్లు, షట్టర్ సెన్సర్ ఒకటి, సైరన్, రెండు రిమోట్లు సరిపోతాయి. కెమెరా దొంగ ముఖం చూపిస్తుంది, అలారం మిమ్మల్ని నిద్ర లేపుతుంది. డబ్బు ఒకదానికే ఉంటే ముందు అలారం కొనండి.

2జీ ప్యానెళ్లు చవగ్గా దొరుకుతాయి గానీ వాటిలో జియో సిమ్ పనిచేయదు, ఆ నెట్‌వర్క్‌కు 2జీ లేదు. 4జీ, వైఫై రెండూ ఉన్నది తీసుకోండి. చాలా ప్యానెళ్లు 2.4 గిగాహెర్ట్జ్ వైఫైకే కలుస్తాయి. ఫోన్ 5 గిగాహెర్ట్జ్‌లో ఉండగా జత చేయబోయి, ప్యానెల్ పాడైందని తిరిగి పంపేసేవాళ్లు ఎందరో.

మాగ్నెట్ సెన్సర్లో రెండు ముక్కలుంటాయి, అవి దూరం జరిగితే అలారం మోగుతుంది. బ్యాటరీ ఉన్నది ద్వారబంధానికి, అయస్కాంతం తలుపు రెక్కకు, తెరుచుకునే అంచు వైపు బిగించాలి. తలుపు మూసినప్పుడు మధ్య సందు సెంటీమీటరు లోపు ఉండాలి, గుర్తు గీతలు ఎదురెదురుగా రావాలి. వానల్లో ఉబ్బిన చెక్క ఎండల్లో ముడుచుకుంటుంది. అందుకే వానాకాలంలో బిగించింది ఏప్రిల్‌లో ఊరికే మోగితే ముందు ఆ సందు కొలవండి. ఇనుప తలుపైతే ఇనుము అయస్కాంతం బలాన్ని తినేస్తుంది, కింద అరంగుళం చెక్కముక్క పెట్టండి. సున్నం గోడకు డబుల్ టేప్ నిలవదు, స్క్రూలే దిక్కు. షట్టర్ గాలికి ఊగుతుంది కాబట్టి దానికి ఈ చిన్నవి పనికిరావు. ఎక్కువ సందును తట్టుకునే షట్టర్ సెన్సర్ విడిగా అమ్ముతారు.

ఎక్కువ తలనొప్పి మోషన్ సెన్సర్‌తోనే. గది మూలలో ఏడడుగుల ఎత్తున బిగించండి. అది చూసేది కదిలే వేడిని. మనిషి అడ్డంగా దాటితే చటుక్కున పట్టుకుంటుంది, ఎదురుగా వస్తే ఆలస్యమవుతుంది. కిటికీ ఎండ, ఏసీ గాలి, దేవుడి దీపం దాని చూపులో పడకూడదు. మే నెలలో మూసిన గది ఒంటి వేడికి దగ్గరగా కాగితే సెన్సర్ మందగిస్తుంది. ఉష్ణోగ్రతను బట్టి సర్దుకునే రకం అడిగి కొనండి.

ఇక బల్లి. లెన్స్ మీద పాకే బల్లి సెన్సర్‌కు మనిషంత కనిపిస్తుంది. ట్యూబ్‌లైటుకు పురుగులు, పురుగుల కోసం బల్లులు చేరతాయి, కాబట్టి లైటుకు దూరంగా పెట్టండి. వెనకున్న స్క్రూ రంధ్రాలను సిలికాన్‌తో మూసేయండి, లేకపోతే చీమలు లోపల కాపురం పెడతాయి.

ప్యానెల్‌ను వీధి తలుపు పక్కన పెట్టొద్దు, దొంగ మొదట చేరేది అక్కడికే. ఇనుప బీరువా వెనక పెడితే సిగ్నల్ చస్తుంది. పై అంతస్తు సెన్సర్లను స్క్రూ వేయకముందే, చేత్తో పట్టుకుని పరీక్షించండి. కరెంటు పోతే ప్యానెల్ తన బ్యాటరీ మీద నడుస్తుంది గానీ రౌటర్ ఆగిపోతుంది. ఇన్వర్టర్ లేకపోతే రౌటర్ అడాప్టర్ మీదున్న వోల్టులకు, ఆంపియర్లకు సరిపడే మినీ యూపీఎస్ పెట్టండి.

సిమ్‌కు పిన్ లాక్ తీసేయండి. ఎవరూ వాడని నంబరని రీచార్జ్ మరిచిపోతారు. గడువు తీరిందంటే సైరన్ మోగినా మీకు కాల్ రాదు. ప్యానెల్‌తో పాటు వచ్చిన పాస్‌వర్డ్‌ను మొదటి రోజే మార్చండి. పాత రకం 433 మెగాహెర్ట్జ్ రిమోట్ సంకేతం ఎప్పుడూ ఒకటే, బజార్లో దొరికే కాపీ రిమోట్ దాన్ని నేర్చేసుకుంటుంది. నొక్కిన ప్రతిసారీ కోడ్ మారే రోలింగ్ కోడ్ ఉందా అని అడగండి.

నెలకోసారి పక్కింటివాళ్లకు చెప్పి, మెయిన్ ఆపి, ఒక్కో తలుపూ తెరిచి చూడండి. వైఫై లేకుండా కూడా కాల్ రావాలి. సెన్సర్ బ్యాటరీలన్నీ ఏడాదికోసారి ఒకేసారి మార్చి, మూత లోపల మార్కర్‌తో తేదీ రాయండి.