ఫోటో ప్రింటర్ మొరాయిస్తే: బాగుచేయించడమా, కొత్తది కొనడమా?

మా అత్తమ్మ సంవత్సరీకానికి రెండు రోజుల ముందు, దండ వేసే ఫోటో ప్రింట్ తీద్దామని కూర్చున్నాను. ఆమె చివరి సంక్రాంతికి ముగ్గు పక్కన నిలబెట్టి నేనే తీసిన ఫోటో. ఏ4 సైజు కాగితం బయటికొచ్చేసరికి ముఖం పసుపు తిరిగిపోయి ఉంది, నుదుటి మీద అడ్డంగా సన్నటి తెల్ల గీతలు. పక్కనే ఉన్న మా బామ్మర్ది, "నాలుగేళ్లయింది కదా బావా, దాన్ని పడేసి కొత్తది తెచ్చేసుకో" అన్నాడు.

నేను ముప్పై ఏళ్లకు పైగా రైల్వే సిగ్నల్ విభాగంలో పనిచేసి సికింద్రాబాద్‌లో రిటైరయ్యాను. రైలును ఒక దారి నుంచి ఇంకో దారికి మళ్లించే పాయింట్లు పడలేదని కబురొస్తే మేం ముందే మోటారు విప్పేవాళ్లం కాదు. పట్టాల సందులో కంకర రాయి ఇరుక్కుందేమో చూసేవాళ్లం, చాలాసార్లు అదే ఉండేది. ప్రింటర్‌కీ అదే వరస పెట్టాను. ఆ రోజు దాన్ని బాగుచేసుకున్నాను, రెండేళ్ల తర్వాత మళ్లీ పాడైతే మాత్రం బాగుచేయించకుండా కొత్తది కొన్నాను. రెండూ సరైన నిర్ణయాలేనని ఇప్పటికీ అనుకుంటాను. ఎలా తేల్చుకున్నానో చెబుతాను.

మొదట చేయాల్సింది నాజిల్ చెక్, అంటే ఇంక్ చిమ్మే సన్నటి రంధ్రాలన్నీ పనిచేస్తున్నాయో లేదో చూసే పరీక్ష. ఫోటో చూసి జబ్బు చెప్పలేం. గ్లాసీ పేపర్ పెట్టి, సెట్టింగులో ప్లెయిన్ పేపర్ అని వదిలేసినా రంగులు చెడతాయి. పేపర్ తిరగేసి పెట్టినా చెడతాయి, ఇంక్ అంటకుండా తడితడిగా పైనే నిలబడుతుంది. అందుకని మామూలు తెల్ల కాగితం పెట్టి, ప్రింటర్ మెయింటెనెన్స్ మెనూలోంచి నాజిల్ చెక్ ప్రింట్ తీయండి. ఒక్కో రంగుకీ మెట్లు మెట్లుగా చిన్న గీతలు వస్తాయి. నాది ఆరు రంగుల ఇంక్ ట్యాంక్ ప్రింటర్: సయాన్, మెజెంటా, ఎల్లో, బ్లాక్, వాటికి తోడు లైట్ సయాన్, లైట్ మెజెంటా. ఆ రోజు లైట్ మెజెంటా గీతల్లో సగం లేవు. మనిషి చర్మం లేత రంగులన్నీ దాని మీదే ఆధారపడతాయి, అత్తమ్మ ముఖం అందుకే పసుపు తిరిగింది.

ఈ కాగితాన్ని ఒక్కసారి తీసి ఊరుకోవద్దు. పది నిమిషాల తేడాతో మరోసారి తీసి, రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. మెకానిక్ దగ్గరికి వెళ్లే ముందు మనం తెలుసుకోగలిగిందంతా ఈ పోలికలోనే ఉంది.

రెండు కాగితాల్లోనూ ఖాళీలు ఒకే చోట ఉంటే, ఆ నాజిల్స్‌లో ఇంక్ ఎండి పూడుకుపోయి ఉంటుంది, లేదా అవి చనిపోయి ఉంటాయి. ఖాళీలు చోటు మారుతుంటే హెడ్ (నాజిల్స్ ఉండి, కాగితం మీద అటూ ఇటూ నడిచే భాగం) మంచిదే, దానికి ఇంక్ సరిగా అందడం లేదు. గొట్టంలో గాలి చేరి ఉండొచ్చు, ట్యాంకులో ఇంక్ అడుగంటి ఉండొచ్చు, హెడ్‌ను మూసే క్యాప్ గాలి పీలుస్తూ ఉండొచ్చు. ఒక రంగు పూర్తిగా మాయమైతే ముందు ఆ రంగు ట్యాంకు చూడండి. కొన్ని ట్యాంక్ ప్రింటర్లకు ఇల్లు మారేటప్పుడు ఇంక్ కారకుండా గొట్టానికి తాళం లాంటి మీట ఉంటుంది. మా వీధిలో ఒకరు కొత్త ఇంట్లోకి వచ్చాక ప్రింటర్ చచ్చిపోయిందని నెల రోజులు పక్కన పడేశారు. వెళ్లి చూస్తే ఆ మీట ఇంకా మూసే ఉంది. అలాకాక రంగులన్నీ ఒక్కసారిగా పోయినా, గీతల బదులు నల్లటి పట్టీలు అచ్చయినా, అది పూడిక కాదు. హెడ్‌లోనో, బోర్డులోనో, మధ్యలో ఉండే పలుచటి రిబ్బన్ కేబుల్‌లోనో కరెంటు దోషం. అప్పుడు ఎన్ని క్లీనింగులు చేసినా ఇంక్ దండగ.

నాది మొదటి రకం. అదే మెనూలో ఉండే హెడ్ క్లీనింగ్ రెండుసార్లు చేశాను. వరసగా మూడోసారి చేయొద్దని గట్టిగా చెబుతాను. ప్రతి క్లీనింగూ పూడుకున్న రంగుతో పాటు మిగతా రంగుల ఇంక్‌నీ లాగి అడుగున ఇంక్ పీల్చుకునే వేస్ట్ ప్యాడ్‌లో పోస్తుంది. ఇంకా గట్టిగా లాగే పవర్ క్లీనింగ్ అయితే మరీ ఎక్కువ. రెండుసార్లకు రాకపోతే ప్రింటర్ ఆపేసి ఒక రాత్రి వదిలేయండి. ఎండిన ఇంక్‌ని కొత్త ఇంక్ నానబెడుతుంది. హెడ్ వచ్చి ఆగే చోట రబ్బరు అంచుతో చిన్న గిన్నె లాంటిది ఉంటుంది, అదే క్యాప్. దాని అంచుకి పేరుకున్న గడ్డను దూది రాలని మెత్తటి గుడ్డతో తుడిచి, అందులో ఇన్వర్టర్ బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటర్ నాలుగు చుక్కలు వేశాను. క్లీనింగ్ నడిచాక ఆ నీళ్లు లోపలికి పోతే పంపు పనిచేస్తున్నట్టు. అలాగే నిలిచి ఉంటే పంపు గొట్టం ఊడిందో, పూడిందో అయి ఉంటుంది, మెకానిక్‌కి అది పెద్ద పనేం కాదు. కుళాయి నీళ్లు వాడొద్దు, మన బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ. సిరంజితో హెడ్‌లోకి బలంగా తోయడం వీడియోల్లో చూపిస్తుంటారు, ఆ ఒత్తిడికి మంచి హెడ్డూ పోతుంది.

తెల్లారి నాజిల్ చెక్ తీస్తే లైట్ మెజెంటా మెట్లలో రెండే గీతలు తక్కువ. ఫోటో చక్కగా వచ్చింది. సంవత్సరీకం నాడు ఆ ఫోటోకే దండ వేశాం. ఖర్చు కొంచెం ఇంక్, ఒక రాత్రి ఓపిక.

ఇలాంటిదే ఇంకోటి, చాలామంది చావుగా పొరబడేది: లైట్లన్నీ మెరుస్తూ, ఇంక్ ప్యాడ్ జీవితకాలం అయిపోయిందని మెసేజ్ రావడం. క్లీనింగుల్లో పారబోసిన ఇంక్‌ని ప్రింటర్ లోపల ఒక లెక్క వేసుకుంటూ ఉంటుంది. ఆ లెక్క నిండగానే తనే ఆగిపోతుంది. హెడ్ బాగానే ఉంటుంది, మోటారు బాగానే ఉంటుంది. ప్యాడ్ మార్పించి లెక్కను సున్నా చేయిస్తే మళ్లీ పనిచేస్తుంది, అది కొత్త ప్రింటర్ కొనాల్సిన జబ్బు కానే కాదు. కొన్ని మోడళ్లలో మెయింటెనెన్స్ బాక్స్ అని విడిగా వస్తుంది, మనమే తీసి మార్చుకోవచ్చు. ఒక్క జాగ్రత్త: ప్యాడ్ మార్చకుండా లెక్క ఒక్కటే సున్నా చేసే వాళ్లున్నారు. నిండిన ప్యాడ్‌లోకి ఇంకా ఇంక్ పోతే అది కిందకి కారుతుంది. ఒకరింట్లో తెల్ల టేబుల్ మీద ఆ మరక చూశాను, ఎంత రుద్దినా పోలేదు.

పేపర్ లాగకపోతే రబ్బరు రోలర్‌ని తడిగుడ్డతో తుడవండి. హెడ్ ఓ పక్కకి దబ్బున కొట్టుకుని ఆగిపోతుంటే, అది నడిచే దారి వెంట ఉండే పారదర్శకమైన సన్నటి పట్టీ మీద ఇంక్ మరక ఉందేమో చూడండి. వెనక పేపర్ పెట్టే సందులో పెన్సిల్ ముక్కలు, బలపాలు, ఒకసారైతే ఎండిన బల్లి కూడా దొరికాయి. ఇవేవీ డబ్బు ఖర్చయ్యే పనులు కావు.

ఇక రెండేళ్ల తర్వాతి సంగతి. ఒక సాయంత్రం కరెంటు రెండు మూడుసార్లు పోయి వచ్చింది. ఆ తర్వాత తీసిన నాజిల్ చెక్‌లో ఒక్క గీత లేదు. ట్యాంకులు నిండుగా ఉన్నాయి, క్యాప్‌లో నీళ్లు లోపలికి పోతున్నాయి. అంటే ఇంక్ దారి బాగుంది, కరెంటు దారి పోయింది. పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ దగ్గర ప్రింటర్లు విప్పే మెకానిక్‌లు ఉంటారు, ఆటోలో ఒళ్లో పెట్టుకుని తీసుకెళ్లాను. వెళ్లే ముందు మీరు తెలుసుకోవాల్సిందొకటి ఉంది, మీ ప్రింటర్ హెడ్ ఏ రకం అని.

హెచ్‌పీ, కెనాన్ కంపెనీల చిన్న ఇంటి ప్రింటర్లలో చాలావాటికి హెడ్ కార్ట్రిడ్జ్‌లోనే, అంటే మనం మార్చే ఇంక్ డబ్బాలోనే ఉంటుంది. ఇంక్‌ను క్షణంలో వేడిచేసి బుడగతో చిమ్మే రకం అది. కొత్త కార్ట్రిడ్జ్ వేస్తే కొత్త హెడ్ వేసినట్టే, కాబట్టి గీతలొస్తున్నాయని ప్రింటర్ మార్చడం అనవసరం. ఎప్సన్‌లో హెడ్ మెషీన్‌లోనే ఉంటుంది. కరెంటు తగలగానే వంగే పీజో పలకలు ఇంక్‌ని తోస్తాయి. వేడి ఉండదు, ఏళ్ల తరబడి నిలబడుతుంది. కానీ పోతే మాత్రం మెషీన్‌లో అన్నిటికంటే ఖరీదైన భాగం అదే.

నా ప్రింటర్ హెడ్ అలా లోపలే ఉండే రకం. మెకానిక్ హెడ్‌కీ కూలికీ కలిపి 11,500 రూపాయలు చెప్పాడు. అదే రోజు అదే స్థాయి కొత్త ప్రింటర్ 21,000 చెప్పారు. "హెడ్ ఒక్కటే పోయిందా, బోర్డు కూడా పోయిందా?" అని అడిగాను. "హెడ్ వేశాకే తెలుస్తుంది సార్. బోర్డు పోయి ఉంటే కొత్త హెడ్డూ కాలిపోవచ్చు" అన్నాడు. ఉన్నదున్నట్టు చెప్పినందుకు ఆయనంటే నాకు గౌరవం. అక్కడే నిర్ణయమైపోయింది. కొత్తదాని ధరలో సగం దాటిన ఖర్చు, దానికి గ్యారంటీ లేదు, మెషీన్‌కి ఆరేళ్లు, ప్యాడ్ కూడా నిండవచ్చింది. వద్దనుకున్నాను.

నా లెక్క ఇది: మరమ్మతు కొత్తదాని ధరలో మూడో వంతు లోపల ఉంటే చేయిస్తాను. సగం దాటితే చేయించను. మధ్యలో ఉంటే రెండు ప్రశ్నలు వేసుకుంటాను. పోయిన భాగమేదో కచ్చితంగా తెలిసిందా? నా దగ్గరున్న ఇంక్ బాటిళ్లు కొత్త ప్రింటర్‌కి పనికొస్తాయా? మోడల్ మారితే ఇంక్ మారుతుంది, అలమరాలో నాలుగు సీసాలుంటే వాటి విలువా లెక్కలోకి రావాలి. వారంటీ ఇంకా ఉంటే ఇవేవీ వద్దు, స్క్రూ కూడా విప్పకుండా సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లండి. వారంటీ ఉండగానే కాదంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి.

కానీ ఈ లెక్కలన్నిటికంటే ముందు అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది: నెలకి ఎన్ని ఫోటోలు తీస్తారు? ఇంక్‌జెట్ ప్రింటర్‌ని పాడుచేసేది వాడకం కంటే వాడకపోవడమే. ఎండాకాలంలో రెండు నెలలు ముట్టకుండా ఉంచితే ఇంక్ గడ్డకడుతుంది. మా పక్కింటి చెల్లెమ్మ ప్రింటర్ మూడోసారి పూడుకుపోయినప్పుడు, కొత్తది ఏది కొనాలన్నయ్యా అని అడిగింది. ఏడాదికి పుట్టినరోజుకో, పెళ్లికో కలిపి ముప్పై ఫోటోలు తీస్తుంది. ఏదీ కొనొద్దమ్మా, పెన్‌డ్రైవ్‌లో వేసి ల్యాబ్‌లో ఇవ్వు అన్నాను. ఇంట్లోనే కావాలనుకుంటే కెనాన్ సెల్ఫీ లాంటి డై సబ్లిమేషన్ ప్రింటర్ మేలు. అందులో నీళ్లలాంటి ఇంక్ ఉండదు, ఎండదు. రిబ్బన్ మీది రంగు వేడికి కాగితంలోకి ఎక్కుతుంది: పసుపు, మెజెంటా, సయాన్, చివర పైన రక్షణ పొర. ప్రింట్లు పోస్ట్‌కార్డు సైజు వరకే. పేపరూ రిబ్బనూ కలిపే వస్తాయి కాబట్టి ఒక్కో ఫోటోకి ఎంత పడుతుందో ముందే తెలుస్తుంది.

నా సంగతి వేరు. చుట్టాలు తెచ్చిన పాత ఫోటోలు స్కాన్ చేసి, మరకలు సరిచేసి, పెద్దవి చేసిస్తుంటాను. వారానికి పదో పదిహేనో తీస్తాను. అందుకే మళ్లీ ఆరు రంగుల ట్యాంక్ ప్రింటరే కొన్నాను.

పాతదాన్ని చెత్త బండిలో వేయలేదు. 2022 ఈ-వేస్ట్ నిబంధనల జాబితాలో ప్రింటర్లు, వాటి కార్ట్రిడ్జ్‌లు ఉన్నాయి. అధికారిక రీసైక్లర్‌కి ఇచ్చాను. ఇచ్చేముందు ట్యాంకుల్లో ఇంక్ తోడేసి, మూతలకు టేపు వేసి, నిటారుగానే మోయించాను.

కొత్తదాన్ని గోడ దగ్గర స్విచ్‌తో ఎప్పుడూ ఆపను. ముందు ప్రింటర్ మీది బటన్ నొక్కుతాను, హెడ్ వెళ్లి క్యాప్ మీద కూర్చున్న చప్పుడు వినపడ్డాకే గోడ స్విచ్ ఆపుతాను. ఒక్కసారిగా కరెంటు తీసేస్తే హెడ్ నోరు తెరిచే ఉండిపోయి ఎండుతుంది. కరెంటు పోతే వెంటనే ఆగిపోకుండా చిన్న యూపీఎస్ పెట్టాను. ఆదివారం పొద్దున టిఫిన్ అయ్యాక, పని ఉన్నా లేకపోయినా, ఆరు రంగులూ ఉండేలా ఒక 4 బై 6 ఫోటో తీస్తాను. పోయిన వారం తీసింది మా మనవరాలు గాలిపటం పట్టుకున్న ఫోటో, ఫ్రిజ్ మీద అంటించి ఉంది.