ఫోన్‌లో మునిగితే పక్కన ఎంత కనిపిస్తుంది? ఇంట్లోనే చూసుకోండి

శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్‌లో బండి నడిపే ప్రతి ఒక్కరూ ఒకసారి చేసి చూడాల్సిన పరీక్ష ఇది. చెయ్యి చాచి బొటనవేలు చూడండి. మన కన్ను బాగా స్పష్టంగా చూసేది ఇంచుమించు ఆ వేలి వెడల్పంతే, అంటే రెండు డిగ్రీలు. రెండు కళ్లూ కలిపితే అటూ ఇటూ సుమారు 180 డిగ్రీలు కనిపిస్తుంది గానీ అంతా మసకే. ఆ మసకలో కూడా ఏదైనా కదిలితే పట్టేస్తాం. కాకపోతే ఎదురుగా ఉన్న పని కష్టమయ్యేకొద్దీ ఆ పట్టు సడలిపోతుంది.

తమ్ముణ్ణో మరదల్నో పిలవండి. ఫోన్ కళ్లకి ఎదురుగా పెట్టుకుని, ముందు తెర మధ్యలో ఒకే అక్షరం మీద చూపు నిలపండి. వాళ్లు మీ చెవి పక్క నుంచి చెయ్యి మెల్లగా ముందుకి తెస్తూ వేళ్లు ఆడిస్తారు, కనిపించగానే "ఆ" అనండి. చెయ్యి ఇంకాస్త ముందుకి తెచ్చి అక్కడే ఉంచమనండి. ఇప్పుడు ఫోన్ కదపకుండా ఏదో ఒక వార్తలో "క" ఎన్నిసార్లు వచ్చిందో గబగబా లెక్కపెట్టండి, వాళ్లు మధ్యమధ్యలో, వరస లేకుండా వేళ్లు ఆడిస్తారు. గాజులు గలగలమంటే మాత్రం పరీక్ష పోయినట్టే, తీసి పక్కన పెట్టమనండి. ఎన్నిసార్లు ఆడించారో, మీరు ఎన్ని పట్టారో తర్వాత పోల్చుకోండి.

కొన్ని తప్పిపోయి ఉంటే కంటికి ఏమీ అవ్వలేదు, ధ్యాసంతా లెక్క తినేసింది, అంతే. చూపు సొరంగంలా అంచుల్లోనే తగ్గుతుందా, అన్ని చోట్లా తగ్గుతుందా అని పరిశోధకుల మధ్య వాదన ఉంది. 1965లో నార్మన్ మాక్‌వర్త్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త అయితే తెర నిండా అనవసరమైన అక్షరాలు నింపినా పక్క చూపు దెబ్బతింటుందని చూపించాడు.

అందుకే బండి మీద మ్యాప్ చదవొద్దు. దారి బయల్దేరే ముందే చూసుకోండి, మళ్లీ చూడాలంటే పక్కకి ఆపండి. హ్యాండ్స్‌ఫ్రీ పెట్టుకున్నా మాటల్లో పడితే ధ్యాస పోతుంది, దాన్ని నమ్ముకోకండి. రణస్థలం వైపు హైవే ఎక్కినా అంతే, గేదె పక్క నుంచి వస్తే అదే కనిపిస్తుందిలే అనుకోకుండా తల తిప్పి చూడండి.

మొదటి రౌండ్‌లోనే, ఏ లెక్కా లేకుండానే, ఒక పక్క కనిపించకపోతే అది ధ్యాస గొడవ కాదు. ఒక్కో కన్ను మూసి మళ్లీ చూడండి, ఎందుకంటే ఒక కంటి లోటుని రెండోది కప్పేస్తుంది. అప్పుడూ అలాగే ఉంటే నీటికాసులేమోనని (గ్లకోమా) కంటి డాక్టర్‌కి చూపించుకోండి, వాయిదా వెయ్యొద్దు.