ఉప్పునీటి ట్యాంకులో చేపలు ఎక్కువైపోయాయా? తక్కువ ఖర్చుతో ఫిల్టర్‌ని ఇలా బాగుచేసుకోండి

మా 4 అడుగుల ట్యాంకులో 250 లీటర్ల నీళ్లు, 13 చేపలు. నైట్రేట్ టెస్ట్ చేసిన ప్రతిసారీ ట్యూబులో నీళ్లు ఎర్రగా మారేవి, అంటే నైట్రేట్ బాగా ఎక్కువైందన్నమాట. అందరూ పెద్ద స్కిమ్మర్ (బుడగలతో నీళ్లలోని మురికిని పైకి తేల్చి కప్పులోకి తీసే పరికరం) కొనమన్నారు, కానీ దానికంటే ముందు చేయాల్సిన చవకైన పనులు చాలానే ఉన్నాయి.

అన్నిటికంటే ముందు ఫిల్టర్‌లోని స్పాంజి, దూది సంగతి చూడండి. స్పాంజిలో చిక్కిన మురికి కంటికి కనిపించకపోయినా ఇంకా నీళ్లలోనే ఉంటుంది, అక్కడే కుళ్లి అమోనియా అవుతుంది, బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తుంది. అది కుళ్లేలోపే బయటికి తీసేస్తే సగం బరువు దిగినట్టే. పది రోజులు వదిలేసిన స్పాంజి ఒకసారి పిండి చూశాను, కాఫీ రంగు నీళ్లు, మురిక్కాలువ వాసన! అప్పటినుంచి దిండ్లలో కూరే పాలిస్టర్ దూది (సెంటు, మందు ఏదీ కలపనిది) కొని, కడిగి, నీళ్లు సంపులోకి (ఫిల్టర్ సామాను పెట్టే, ట్యాంకు కింది చిన్న తొట్టి) పడే చోట అరచేతి మందాన పరుస్తున్నాను. రెండు మూడు రోజులకోసారి తీసి పారేయడమే.

సిరామిక్ రింగులు, లైవ్ రాక్ (బ్యాక్టీరియా కాపురముండే సముద్రపు రాళ్లు) మాత్రం కుళాయి నీళ్లతో కడగొద్దు, క్లోరిన్‌కి వాటిమీదున్న బ్యాక్టీరియా చచ్చిపోతుంది. ట్యాంకులోంచి తీసిన నీళ్లలోనే, అదీ కొన్ని కొన్నిగా జాడించండి.

ఆక్సిజన్ సంగతి చాలామంది పట్టించుకోరు. ఉప్పునీళ్లు మంచినీళ్లకంటే తక్కువ ఆక్సిజన్ పట్టుకుంటాయి, ఎండాకాలంలో వేడెక్కితే ఇంకా తక్కువ, పైగా బ్యాక్టీరియాకి కూడా అది కావాలి. వేవ్‌మేకర్‌ని (ట్యాంకులో నీళ్లని కదిలించే చిన్న పంపు) కొంచెం పైకి తిప్పి నీటి పైభాగం బాగా కదిలేలా పెట్టండి. కరెంటు పోతే పనికొచ్చే బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి ఇంట్లో ఉండాల్సిందే.

పాత 2 అడుగుల ట్యాంకు ఉంటే దాన్నే సంపుగా చేసి, ఒక గదిలో కీటో అనే నాచు ముద్ద వేసి, పైన ఎల్ఈడీ గ్రో లైటు పెట్టండి. ఆ లైటు రాత్రిపూట వెలిగిస్తే పీహెచ్ మరీ పడిపోదు. నాచు పెరిగినప్పుడల్లా గుప్పెడు తీసి పారేయండి, అది తిన్న నైట్రేట్, ఫాస్ఫేట్ దాంతోపాటే బయటికి పోతాయి. స్కిమ్మర్ తర్వాత సెకండ్‌హ్యాండ్‌లో చూసుకోవచ్చు. తెచ్చాక వెనిగర్ కలిపిన నీళ్లలో నానబెట్టి, బాగా కడిగి వాడండి. కప్పులోకి డికాక్షన్ లాంటి నీళ్లు వస్తుంటే పనిచేస్తున్నట్టే.

వారానికి 10 నుంచి 15 శాతం నీళ్లు మార్చండి. ముందురోజే ఆర్ఓ నీళ్లలో ఉప్పు కలిపి, సాంద్రత 1.025 ఉందో లేదో చూసుకోండి. ఆవిరైన నీళ్లకి బదులు మాత్రం ఉత్త ఆర్ఓ నీళ్లే పోయాలి, ఎందుకంటే ఉప్పు ఆవిరి కాదు.

ఇవన్నీ చేసినా మా ట్యాంకులో ఎల్లో టాంగ్ అనే పసుపు చేపకి ఈదే చోటు లేదు. ఫిల్టర్ నీళ్లని శుభ్రం చేస్తుంది గానీ గాజుని సాగదీయలేదు కదా. 6 అడుగుల ట్యాంకున్న స్నేహితుడికి దాన్ని ఇచ్చేశాను, ఇంకో రెండు డామ్సెల్ చేపలకి కూడా ఇల్లు వెతుకుతున్నాను.